అప్‌డేట్: మా బాబు ప్లేస్కూల్ గొడవ ఏమైందంటే

మూడున్నరేళ్ల మావాడు పిలిస్తే పలకడం లేదని, ఆటిజం పరీక్ష రిపోర్టు తెస్తేనే ఉంచుకుంటామని ప్లేస్కూల్ వాళ్లు పట్టుబట్టారని పోయిన నెల రాశాను కదా. మీలో చాలామంది ముందు చెవులు చూపించమన్నారు. నిజం చెప్పాలంటే అప్పుడు మీమీద కూడా చిరాకేసింది.

చూపించాం. ఈఎన్‌టీ డాక్టరు టింపనోమెట్రీ (కర్ణభేరి ఎలా కదులుతుందో చూసే పరీక్ష) చేయించారు. కొండలా లేవాల్సిన గీత రెండు చెవులకీ బల్లపరుపుగా వచ్చింది. కర్ణభేరి వెనక నీరు చేరి సరిగ్గా వినపడట్లేదట! మూడు నెలలు చూసి, తగ్గకపోతే గ్రోమెట్లు (కర్ణభేరిలో పెట్టే చిన్న గొట్టాలు) వేద్దామన్నారు. వాడు టీవీకి అతుక్కుపోయి కూర్చుంటే తిట్టేదాన్ని, పాపం.

అలాగని స్కూలుదే తప్పనలేను. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీకి (మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ) కూడా వెళ్లాం. మాటలు వయసుకి తగ్గట్టు లేవు, స్పీచ్ థెరపీ మొదలుపెట్టండి, ఆటిజం సంగతి వినికిడి తేలాక మళ్లీ చూద్దాం అన్నారు.

చెవి పరీక్ష గ్రాఫు చూపిస్తే టీచరు ముఖం చిన్నబోయింది. "అయ్యో, వెనక వరసలో కూర్చోబెడుతున్నామండీ" అని మర్నాడే ముందు చాపకి మార్చింది. ప్రిన్సిపాల్ మేడమ్ మాత్రం ఆటిజం రిపోర్టు కావాల్సిందే అంటున్నారు. అదే మాట కాగితం మీద రాసివ్వమన్నాను. వారమైంది, ఇంకా ఇవ్వలేదు.