ఇంట్లో ఆటకి మట్టి పోకర్ చిప్స్: ఈ 14 గ్రాముల పెట్టె తీసుకోవచ్చా?

అరటిగెల:
సంక్రాంతి మూడు రోజులూ మా ఇంట్లో ఎనిమిది మంది చేరతారండి. పగలు పెద్దాళ్లతో పదమూడు ముక్కల రమ్మీ, రాత్రి వాళ్లు పడుకున్నాక మా బ్యాచ్ హోల్డెమ్ పోకర్. డబ్బు లేదు, లెక్కకే ఆట. ఇన్నాళ్లూ చింతపిక్కలతో లాగించేశాం. రమ్మీకి సరిపోయాయి గానీ పోకర్‌కి కుదరట్లేదు, వంద ఏదో అయిదొందలేదో తెలిసి చావదు. ఆన్‌లైన్‌లో "14 గ్రాముల క్లే, కేసినో క్వాలిటీ, 500 బిళ్లలు, అల్యూమినియం పెట్టెతో" అని ఒకటి కనిపించింది. అది నిజంగా మట్టేనా? 500 అవసరమా, 300 చాలా? అంకె ఉన్నవి కొనాలా, లేనివా? మాది కొల్లేటి పక్క ఊరు, గోడలకే బూజు పడుతుంది. వీటికేమన్నా అవుతుందా?

గట్టుమీద కాకి:
14 గ్రాములని రాసి ఉందంటేనే అది మట్టి కాదని తెలిసిపోతుందండి. కేసినోల్లో వాడే అసలు క్లే చిప్ ఎనిమిదిన్నర నుంచి పది గ్రాముల లోపే తూగుతుంది. 11.5, 13.5, 14 అని అమ్మేవి దాదాపు అన్నీ ఏబీఎస్ ప్లాస్టిక్. లోపల ఇనుప బిళ్ల పెట్టి బరువు పెంచుతారు. పెట్టె మీద "క్లే కాంపోజిట్" అని రాస్తారు. అందులో మట్టి ఎంతో అడగకండి, చెప్పరు.

పెట్టె చేతికొచ్చాక అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే లోపల ఇనుము ఉన్నట్టే. అంటకపోయినంత మాత్రాన మట్టి అనుకోవడానికి లేదు, వేరే లోహం వేసేవాళ్లూ ఉన్నారు. అప్పుడు రెండు బిళ్లలు తీసి ఒకదాని మీద ఒకటి రెండంగుళాల ఎత్తు నుంచి వదలండి. లోహం ఉన్నది కణకణమంటుంది. క్లే అయితే పొడిగా "టప్" అని ఊరుకుంటుంది, సుద్దముక్క బల్ల మీద పడ్డట్టు. ఇంకో గుర్తు అంచు మీది రంగు పట్టీలు. క్లేలో ఆ పట్టీ వేరే రంగు ముక్క. చిప్‌లో కోసిన గంటులో దాన్ని పెట్టి, అచ్చులో కలిపి నొక్కేస్తారు. అంచు అరిగినా లోపల అదే రంగు కనిపిస్తుంది. చవక రకాల్లో పైపైన పూసిన రంగే ఉంటుంది, గోరుతో గట్టిగా గీకితే తెలిసిపోతుంది. మధ్యలో బొమ్మ కూడా చూడండి. అసలు దాంట్లో అది అచ్చులోనే అణిగిపోయి ఉంటుంది, వేలితో తడిమితే గట్టు తగలదు. స్టిక్కర్ అయితే అంచు గోటికి తగులుతుంది, ఆరు నెలల్లో లేస్తుంది కూడా.

బరువెక్కువైతే నాణ్యమన్న భ్రమ వదిలేయండి. 500 బిళ్లలు 14 గ్రాముల చొప్పున ఏడు కేజీలు, పెట్టెతో ఇంకా ఎక్కువ. ఆ అల్యూమినియం పెట్టెల పిడి ముందు ఊడిపోయేది అందుకే.

ఇక అసలు క్లే సంగతి. పాల్సన్ కంపెనీ కేసినోలకే అమ్ముతుంది, ఇళ్లకి ఇవ్వదు. బయట తిరిగేవి మూతపడ్డ కేసినోల పాత సరుకు. ఇంటి ఆటకి మనకి కావాల్సిన బొమ్మతో చేసిచ్చేది అమెరికాలో క్లాసిక్ పోకర్ చిప్స్. సరుకు బాగుంటుంది, అందులో అనుమానం లేదు. కానీ బిళ్ల ధర, తూకానికి తగ్గ కొరియర్ ఖర్చు, కస్టమ్స్ సుంకం అన్నీ కలిపితే సంక్రాంతికి ఆడే మూడు రోజులకి అది దండగే. సెరామిక్ చూడండి. పేరుకి సెరామిక్ గానీ కాల్చిన పింగాణీ కాదు, గట్టి రెజిన్. పది గ్రాములుంటుంది, రంగు వేడితో బిళ్లలోకి దిగి ఉంటుంది కాబట్టి ఊడే స్టిక్కర్ ఉండదు. నున్నటి రకం మాత్రం వద్దు. దొంతి పెడితే జారిపోతుంది. పైన సన్నటి గరుకు ఉన్నది అడిగి తీసుకోండి.

రేవు దాటాక:
పైన చెప్పింది నిజమే గానీ, కొన్నవాటిలో బిళ్లలన్నీ ఒకే మందం ఉన్నాయో లేదో చూడటం అంతకన్నా ముఖ్యం. మామూలుగా 39 మిల్లీమీటర్ల వెడల్పు, 3.3 మందం. ఇరవై బిళ్లల దొంతి 66 మిల్లీమీటర్లు రావాలి. ఒక్కో రంగులో ఇరవై తీసి నాలుగైదు దొంతులు పక్కపక్కన నిలబెట్టి పైన స్కేలు పెట్టండి. స్కేలు ఊగితే తిప్పి పంపేయండి. ఎందుకంటే ఆటలో ఎవరూ లెక్కపెట్టరు, ఎత్తు చూసి కోస్తారు. ఒక రంగు దొంతి అర బిళ్ల ఎత్తు ఎక్కువుంటే రాత్రంతా లెక్క తప్పుతూనే ఉంటుంది. ఒక్కో బిళ్లని బల్ల మీద పెట్టి వేలితో తిప్పి కూడా చూడండి. బొంగరంలా తిరిగితే మధ్యలో బొడిపె ఉన్నట్టు. అలాంటివి దొంతిలో నిలవవు.

ఎన్ని అన్నదానికి: ఎనిమిది మందికి తలో పదివేలు. 25వి ఎనిమిది, 100వి ఎనిమిది, 500వి నాలుగు, 1000వి ఏడు. మనిషికి 27 బిళ్లలు, మొత్తం 216. విడిగా 25 చొప్పున రోల్స్ అమ్మే చోట కొంటే 25వి మూడు రోల్స్, 100వి మూడు, 500వి రెండు, 1000వి మూడు, 5000వి ఒకటి. మొత్తం 300. ఆ 5000లు ఓడి మళ్లీ కూర్చునేవాళ్లకి. చెరో రెండు ఇస్తే పక్కవాళ్లు చిల్లర చేస్తారు. బ్లైండ్స్ (ముక్కలు పంచకముందే ఇద్దరు పెట్టాల్సిన పందెం) 25/50తో మొదలెట్టి 75/150 దాటాక 25లన్నీ బల్ల మీంచి తీసేయండి. అప్పటికి అవి 64, అంటే 1600. దానికి ఒక వెయ్యి, ఒక అయిదొందలు, ఒక వంద బయట పెట్టుకుంటే చాలు. ఎవరి దగ్గరన్నా ఒకటో రెండో విడిగా మిగిలితే పైకి వందకి సవరించేయండి, ఇంటి ఆటకి అంత చాదస్తం అక్కర్లేదు. పావుగంటకోసారి బ్లైండ్ పెంచితే మూడు గంటల్లో తేలిపోతుంది.

అంకె లేని చిప్స్ కొనకండి. రాత్రి పన్నెండింటికి కరెంటు పోయి ఇన్వర్టర్ బల్బు కింద ఆడేటప్పుడు ఆకుపచ్చకీ నలుపుకీ తేడా తెలీదు. పసుపు, తెలుపు అయితే మరీను.

కొబ్బరి పీచు:
రేవు గారూ, ఇక్కడ నేను ఒప్పుకోను. అడిగినాయన పగలు రమ్మీ ఆడతానన్నారు కదా, అది మీరు వదిలేశారు. రమ్మీలో ముందే ముక్కలు పడేస్తే (మొదటి డ్రాప్) 20, మధ్యలో పడేస్తే (మిడిల్ డ్రాప్) 40, ఫుల్ కౌంట్ 80. అన్నీ ఇరవై లెక్కే. పోకర్ చిప్స్ మీద ఉండేది 25. డ్రాప్ పడ్డ ప్రతిసారీ 25 ఇచ్చి 5 వెనక్కి తీసుకోవాలి. పెద్దాళ్లు రెండాటలకే విసిగిపోయి మళ్లీ చింతపిక్కలే తెమ్మంటారు.

అంకె లేనివయితే తెలుపు 1, ఎరుపు 5, నీలం 20, నలుపు 100 అనుకుంటే చాలు. మనిషికి తెలుపు పది, ఎరుపు పది, నీలం పన్నెండు, నలుపు రెండు, అంటే 500 పాయింట్లు. కౌంట్ 37 అంటే ఒక నీలం, మూడు ఎరుపు, రెండు తెలుపు. చిల్లర గొడవే రాదు. ఆరుగురికి 204 బిళ్లలు.

అంకె లేని 500 పెట్టెలు ఎక్కువగా 150, 150, 100, 50, 50 లెక్కన వస్తాయి. రాత్రి అదే పెట్టెతో తెలుపుని 25, ఎరుపుని 100, నీలాన్ని 500, ఆకుపచ్చని 1000 చేసుకుని, మనిషికి 12, 12, 5, 6 పంచండి. పదివేలు సరిగ్గా వస్తుంది. ఎనిమిది మందికి ఆకుపచ్చవి 48 పోతాయి, ఉన్నవి 50. అంకెలున్న 500 పెట్టె కొంటే మాత్రం ఆ 150, 150 మీద 1, 5 అని అచ్చేసి ఉంటుంది. పోకర్ టోర్నమెంట్‌లో ఆ 300 బిళ్లలూ మూలన పడి ఉండాల్సిందే. ఏ రంగు ఎంతో పెద్దక్షరాలతో అట్టముక్క మీద రాసి గోడకి తగిలించండి. బల్బు సంగతంటారా, తెల్ల ఎల్‌ఈడీ పెట్టుకోండి.

అరటిగెల:
చాలా థ్యాంక్సండి ఇద్దరికీ. ఇంకో పిచ్చి ప్రశ్న. మట్టి చిప్సే కావాలనుకుంటే మన కుమ్మరి చేత చేయించుకోకూడదా? మట్టికేం కరువు ఇక్కడ, గోదారి ఒండ్రు కావాల్సినంత.

గట్టుమీద కాకి:
పిచ్చి ప్రశ్నేం కాదు, ఆ పేరు చూసి అందరూ అలాగే పొరబడతారు. క్లే చిప్‌ని ఆవంలో కాల్చరండి. మట్టిపొడిలో ప్లాస్టిక్ లాంటి అంటుపదార్థం కలిపి, వేడి అచ్చులో భారీ ఒత్తిడితో నొక్కుతారు. మన కుండ మట్టి ఆరి కాలేసరికి నూటికి పది పాళ్ల దాకా కుంచించుకుపోతుంది. 39 మిల్లీమీటర్ల బిళ్ల కావాలంటే పచ్చిమట్టిని 43 దగ్గర కొయ్యాలి. అన్నీ ఒకేలా కుంచించుకోవు, పైగా 3 మిల్లీమీటర్ల పలక ఎండేటప్పుడే అప్పడంలా అంచులు లేస్తుంది. రేవు గారి స్కేలు పరీక్షలో మొదటి దొంతికే పోతుంది. ఆ పైన గచ్చు మీద ఒక్కసారి పడితే పెచ్చులూడతాయి. ఎర్రపొడి ముక్కలకి అంటుకుంటే కొత్త పేక కూడా పోయినట్టే.

సముద్రపు గాలి:
బూజు సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. బిళ్లకి బూజు పట్టదు, పెట్టెకి పడుతుంది. ఆ అల్యూమినియం పెట్టెల్లో మూత లోపల అంటించిన స్పాంజి మన తేమకి రెండు వర్షాకాలాల్లో పొడి పొడి అయిపోయి బిళ్లలకి జిగురులా పట్టుకుంటుంది. తాళం, కీళ్లు తుప్పు పడతాయి. వందేసి పట్టే అక్రిలిక్ ర్యాకులు దొరుకుతాయి, అయిదు గాళ్లు, గాడికి ఇరవై. వాటిల్లో సర్దితే లెక్క కూడా చూడగానే తెలుస్తుంది. ఆ ర్యాకులు మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, రెండు సిలికా జెల్ పొట్లాలు పడేయండి.

కడగడం: బిళ్లల్ని మురికి చేసేది తేమ కాదు, చేతులు. పండగ పూట అరిసె నూనె, కాజా పాకం అంటిన వేళ్లతో ముట్టుకుంటే నాలుగు బిళ్లలు కలిసి ఒకే బిళ్లలా లేస్తాయి. పాత్రలు తోమే ద్రవం రెండు చుక్కలు గోరువెచ్చని నీళ్లలో కలిపి, మెత్తటి పళ్ల బ్రష్ ముంచి, ఒక్కో బిళ్లా రుద్ది, మంచినీళ్లలో ఆడించి, వెంటనే పాత తువ్వాలు మీద తుడిచెయ్యాలి. స్టిక్కర్ ఉన్నవాటిని నానబెడితే అంచు లేస్తుంది. మరిగే నీళ్లు వద్దు, నెయిల్ పాలిష్ తీసే ద్రవం అసలు వద్దు, ప్లాస్టిక్‌ని కరిగించేస్తుంది.

అసలు క్లే కొన్నవాళ్లకి ఇంకో మాట. కొత్త బిళ్ల మీద సుద్ద పూసినట్టు తెల్లగా ఉంటుంది. కడిగి ఆరాక సన్నగా నూనె పట్టిస్తే రంగు తేరుతుంది. వాడాల్సింది మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్. బట్టకి ఒక చుక్క వేసి రుద్ది, ఇంకో పొడిబట్టతో తుడిచి, ఒక రాత్రి ఆరనివ్వాలి. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె రాయకండి బాబూ. కొన్నాళ్లకి ముక్కిన వాసన వస్తుంది, దుమ్మంతా పట్టేస్తుంది. ఏబీఎస్‌కీ సెరామిక్‌కీ ఏ నూనే అక్కర్లేదు.

గ్రానైట్ బల్ల మీద, టైల్స్ మీద వట్టిగా ఆడకండి. బిళ్ల అంచు నలుగుతుంది, గోల కూడా ఎక్కువ. చాప మీద మందపాటి దుప్పటి నాలుగు మడతలు వేస్తే చాలు. పేక ముక్కలు కూడా ప్లాస్టిక్‌వే కొనండి, కాగితం ముక్కలు మన ఉక్కకి ఉబ్బి కలపడానికి రావు. ఎండలో కారు వెనకద్దం దగ్గర పెట్టె వదిలేస్తే క్లే బిళ్లలు వంగిపోతాయి, అది కూడా చూసుకోండి.

రేవు దాటాక:
రమ్మీ లెక్కకి పీచు గారు చెప్పిందే రైటు, నేను పోకరొకటే చూశాను. అయితే అంకె లేని పెట్టె కొనేటప్పుడు నీలం, నలుపు పక్కపక్కన పెట్టి ఫొటో పంపమని అమ్మేవాణ్ణి అడగండి. ముదురు నీలం అయితే తీసుకోవద్దు. అంచు పట్టీలు ఉన్న రకమే చూడండి, దొంతిలో వేరే రంగు బిళ్ల దూరితే పక్క నుంచి ఇట్టే కనిపిస్తుంది.

ఇంకోటి. చిప్స్ వాడినా వెనక పుస్తకంలో రూపాయల లెక్క రాస్తే అది పందెమే. 1974 నాటి ఏపీ గేమింగ్ చట్టం ఉండనే ఉంది, పండగ రోజుల్లో దాడులూ ఎక్కువే. డబ్బు లేదన్నారు కాబట్టి మీకు బెంగ లేదు. ఆ పాయింట్ల కాగితం మీద మాత్రం రూపాయి గుర్తు పడకుండా చూసుకోండి.

అరటిగెల:
అంకె లేని 500, అంచు పట్టీలున్నవి, అయస్కాంతం పెట్టి చూసి తీసుకుంటాను. ఏబీఎస్ అయినా పర్లేదు, 11.5 గ్రాములది చాలు. నీలం, నలుపు ఫొటో ఇప్పుడే అడిగాను. అమ్మేవాడు "సేమ్ క్వాలిటీ సార్" అని మాత్రం జవాబిచ్చాడు.

కొబ్బరి పీచు:
ఫొటో వచ్చేదాకా డబ్బు వెయ్యకండి. పండగ దగ్గరపడితే తిప్పి పంపడం కుదరదు.