పదిహేనో లూయీ కూతుళ్లు: పెళ్లి కాక నష్టపోయారా, బతికిపోయారా?

నిమ్మచెట్టు: ఫ్రాన్స్ రాజు పదిహేనో లూయీకి ఎనిమిది మంది కూతుళ్లు. పెళ్లయింది ఒక్క పెద్దమ్మాయి లూయీస్ ఎలిజబెత్‌కే. అదెలాయీద్, విక్తోర్, సోఫీ వర్సాయ్ కోటలోనే వయసు మళ్లారు. అందరికంటే చిన్నది లూయీస్ సన్యాసం పుచ్చుకుంది. సంబంధాలు చూడని తండ్రిదే తప్పంటాను. కాదంటారా?

పాతకోట: తండ్రి తప్పు పెళ్లి దగ్గర మొదలవలేదండీ. 1738లో ఖర్చు తగ్గుతుందని నలుగురు చిన్నపిల్లల్ని ఫోంతెవ్రో మఠానికి పంపేశారు. చివరి పిల్లకి ఏడాది కూడా నిండలేదు. తెరెస్ 1744లో ఎనిమిదేళ్లకే అక్కడే పోయింది. సోఫీ, లూయీస్ తిరిగొచ్చేసరికి 1750. అన్నేళ్లూ కన్నవాళ్లు వెళ్లి చూసింది లేదు. 1747లో మాత్రం నాతియే అనే చిత్రకారుణ్ణి పంపి బొమ్మలు గీయించుకున్నారు! అదెలాయీద్ ఒక్కతే తండ్రిని బతిమాలుకుని వర్సాయ్‌లో ఉండిపోయింది.

గోదారిగట్టు: నిమ్మచెట్టు గారూ, పెళ్లయిన అక్క ఏం సుఖపడిందో కూడా చూడండి. పన్నెండేళ్లకే, 1739లో, స్పెయిన్ రాజు కొడుకుల్లో ఒకడైన ఫిలిప్‌కి ఇచ్చారు. అప్పటికి అతనికి రాజ్యమే లేదు. పార్మా చేతికొచ్చింది 1748లో. ఆవిడ ఏదో ఒక పని పెట్టుకుని పుట్టింటికి వస్తూనే ఉండేది, చివరికి 1759లో వర్సాయ్‌లోనే మశూచితో పోయింది. ఇక సంబంధాల మాట. రాజు కూతురంటే ‘ఫ్రాన్స్ పుత్రిక’, కొలువులో మహా మహా డ్యూకుల భార్యలకంటే ఆమెదే పైమెట్టు. తక్కువ ఇంటికి వెళ్తే ఆ మెట్టు దిగాలి. తగిన ఇల్లంటే క్యాథలిక్ రాజవంశమే అవ్వాలి, అవి ఎన్ని ఉన్నాయని? కట్నమూ రాజులకు తగ్గట్టే ఇవ్వాలి. లూయీ సోమరే, ఒప్పుకుంటాను. కానీ చురుకైన తండ్రికైనా ఆ లెక్క కుదిరేది కాదు.

నిమ్మచెట్టు: లెక్క సరే. బతుకంతా ఏం చేశారు మరి? పూజలు, విందులు, పేకాట. అంత హాయిగా ఉంటే లూయీస్ 1770లో, ముప్పై రెండేళ్ల వయసులో, సెయింట్ డెనీ కార్మెల్ మఠానికి ఎందుకు వెళ్లిపోయింది?

కొత్తపలక: పేకాటేనా? తర్వాత నాటక రచయితగా పేరొచ్చిన బోమార్షే వాళ్లకి హార్ప్ నేర్పాడు. అదెలాయీద్ వయొలిన్ వాయించేది. పెత్తనానికీ తక్కువేం లేదు. రాజు ఉంపుడుగత్తె దు బారీతో మాట్లాడొద్దని కొత్తకోడలు, అంటే రాజు మనవడి భార్య మరీ ఆంత్వానెత్‌ని ఎగదోసింది ఈ మేనత్తలే. ఆ మౌనవ్రతం 1772 జనవరి 1 దాకా సాగి, రాజ్యాల మధ్య తలనొప్పి అయింది. మన ఇళ్లలో ఆడపడుచులు నయం.

పాతకోట: అది అధికారం కాదండీ, తీరిక. తండ్రి కొలువులో ఎవరి చేతిలో మంత్రి పదవులు ఉండేవో గుర్తు చేసుకోండి, దు బారీ కంటే ముందు రాజు ఉంపుడుగత్తె అయిన పాంపదూర్ చేతిలో!

గోదారిగట్టు: అదే పాంపదూర్ కోసం కట్టిన బెల్‌వ్యూ భవనం, తండ్రి పోయాక వీళ్ల చేతికే వచ్చింది. 1774లో మశూచి పట్టిన తండ్రికి దగ్గరుండి సేవ చేసింది కూడా వీళ్లే. లూయీస్ సంగతికొస్తే, మఠంలో పెద్దపదవి దాకా ఎదిగింది. కొలువులో ఆమెకి అది దొరికేదా?

నిమ్మచెట్టు: దొరకదు. అందుకేగా వెళ్లింది. అంటే కొలువులో పెళ్లికాని రాకుమారికి చోటు ఉంది, పని లేదు. మీరే నా మాట ఒప్పుకుంటున్నారు.

గోదారిగట్టు: చోటూ పనీ రెండూ ఉన్న రాణి మరీ ఆంత్వానెత్ తల ఫ్రెంచి విప్లవంలో పోయింది. అదెలాయీద్, విక్తోర్ 1791 ఫిబ్రవరిలో రోమ్‌కి బయల్దేరితే, దారిలో ఆర్నే ల దూక్ దగ్గర ఆపారు. ప్యారిస్‌లో జాతీయ సభ గంటల తరబడి వాదించుకుని చివరికి పోనిచ్చింది. రాజు భార్యను అలా పోనిచ్చేవాళ్లా?

పాతకోట: ఆంత్వానెత్ భర్త పదహారో లూయీ చెల్లెలు ఎలిజబెత్ కూడా పెళ్లికానిదే కదండీ. అన్నను వదలనని ఉండిపోయింది, 1794 మేలో గిలటిన్ ఎక్కింది. ఆమెని ఏ లెక్కలో వేస్తారు?