ఫిబ్రవరిలో అమ్మానాన్న వస్తున్నారు: యార్క్‌షైర్‌లో రుబార్బ్ షెడ్లు, చీజ్ తయారీ చూసినవాళ్లు చెప్పండి

లీడ్స్_రాజా
పోయినసారి లండన్, ఎడిన్‌బరా తిప్పాను. తెనాలి వెళ్లాక నాన్న ఒకటే మాట అన్నారు: "కోటలూ చర్చిలూ చూపించావు గానీ అక్కడివాళ్లు ఏం పండిస్తారో ఒక్కటీ చూపించలేదురా." ముప్పై ఏళ్లు పసుపు పండించిన మనిషి ఆయన. ఈసారి ఆ లోటు తీర్చాలి. వేక్‌ఫీల్డ్ వైపు రుబార్బ్ (పుల్లటి ఎర్ర కాడల పంట) పెంచే షెడ్లు, డేల్స్ అనే కొండలోయల్లో ఉన్న హాజ్ ఊళ్లో వెన్స్లీడేల్ చీజ్, కుదిరితే ఒక బ్రూవరీ. చేతిలో రెండు రోజులు, కారు ఉంది. అమ్మ శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. ఏది ముందు పెట్టుకోవాలి? మధ్యాహ్నం అమ్మకి భోజనం ఎక్కడ? ఫిబ్రవరిలో డేల్స్ రోడ్ల మీద మంచు ఉంటుందా?

వేక్‌ఫీల్డ్_వదిన
రుబార్బ్‌తో మొదలుపెట్టండి రాజా గారూ, అది ఆగదు. షెడ్లలో కోత జనవరి నుంచి మార్చి దాకానే. వేక్‌ఫీల్డ్, మోర్లీ, రాత్‌వెల్ మధ్య తొమ్మిది చదరపు మైళ్ల ముక్క అది. ఈ పంటకి 2010లో యూరప్ రక్షిత పేరు కూడా వచ్చింది, మన బందరు లడ్డుకి జీఐ వచ్చినట్టు. మొక్కని రెండేళ్లు పొలంలో పెంచుతారు, ఆ రెండేళ్లూ ఒక్క కాడ కోయరు. చలికి మంచు బాగా పట్టాక దుంపతో సహా పెకలించి చీకటి షెడ్లోకి చేరుస్తారు. లోపల వెచ్చగా ఉంటుంది. వెలుతురు లేక ఆ మొక్క దుంపలో దాచుకున్న బలమంతా కాడల్లోకి పంపేస్తుంది. కోసేది కొవ్వొత్తి వెలుగులో. మాట్లాడకుండా నిలబడితే మొగ్గలు విచ్చుకునే టప్ టప్ చప్పుడు వినిపిస్తుంది. నేను మూడుసార్లు వెళ్లాను, మూడుసార్లూ ఒళ్లు జలదరించింది. నాన్నగారికి తప్పకుండా చూపించండి.

వచ్చేటప్పుడు రెండు కట్టలు కొనుక్కోండి. పప్పు, పచ్చడి చేస్తే అచ్చం గోంగూరే.

పల్నాడు_మిర్చి
షెడ్ల గురించి చెప్పింది బాగుంది. చివరి వాక్యం మాత్రం ఒప్పుకోను. రుబార్బ్ గోంగూర ఎలా అవుతుందండీ? గోంగూర ఆకు. నూనెలో మగ్గుతుంటే వీధి చివరికి వాసన వస్తుంది. రుబార్బ్ కాడ పొయ్యి మీద పెట్టగానే నీళ్లు వదిలి జావ అయిపోతుంది. పుల్లగా ఉన్నదల్లా గోంగూర అంటే చింతకాయ కూడా గోంగూరే.

వేక్‌ఫీల్డ్_వదిన
మీరు ఎన్నిసార్లు చేశారు? నేను తొమ్మిదేళ్లుగా చేస్తున్నాను. కాడలు నీళ్లు పోయకుండా ఆవిరయ్యేదాకా వేయించుకోవాలి. తర్వాత ఎండుమిర్చి, వెల్లుల్లి, మెంతులు. మా పిల్లలు ఇక్కడే పుట్టారు. మా ఊరి గోంగూర మడి వాళ్లకి తెలీదు. పక్క పొలంలో పండింది మన తాళింపులో పడి, వాళ్లు అన్నంలో కలుపుకుని తింటుంటే నాకు ఎంత సంతోషమో మీకు అర్థం కాదు.

హల్_హరి
రాజా బ్రో, ఇవన్నీ వదిలేసి విట్బీ వెళ్లండి. అక్కడ 1872 నుంచి ఒకే కుటుంబం పొగబెట్టిన హెర్రింగ్ చేపలు అమ్ముతోంది. గోడలంతా నల్లటి మసి. మా కాకినాడ నాన్నగారు ఎండుచేప వాసన పట్టేసి గంటసేపు అక్కడే నిలబడ్డారు.

లీడ్స్_రాజా
హరి గారూ, అమ్మ శాకాహారి అని రాశాను.

ఓరుగల్లు_అరుణ
మా దిక్కు గోంగూరని పుంటికూర అంటం. పేరు ఏదైనా సరే, ఒక ముఖ్యమైన సంగతి ఎవరూ చెప్పలేదు. రుబార్బ్ ఆకులు విషం. తినేది కాడ మాత్రమే. నేను వచ్చిన కొత్తలో మా పక్కింటావిడ తోటలో కోసి ఆకులతో సహా ఇచ్చింది. "గోంగూరలాగే" అని ఎవరో చెప్పిన మాట గుర్తుండి ఆకులు కూడా పప్పులో వేశాను. రాత్రంతా వాంతులు. మా పాప తినలేదు, అదొక్కటే అదృష్టం. ఆకులో ఆక్సాలిక్ ఆమ్లం చాలా ఎక్కువ. దయచేసి "అచ్చం గోంగూరే" అని రాయకండి, కొత్తవాళ్లు ఆకులు వండుకుంటారు.

వేక్‌ఫీల్డ్_వదిన
అరుణ గారూ, మీరు చెప్పింది నిజం, నేను ముందే రాయాల్సింది. షెడ్లో పండిన కాడకి చివర చిన్న పసుపు ఆకు ఉంటుంది, అది కూడా తీసేయాలి.

బోటనీ_మాస్టారు
ఇరవై రెండేళ్లు వృక్షశాస్త్రం చెప్పాను కాబట్టి ఈ గొడవ తేల్చేస్తాను. గోంగూర బెండ, మందార కుటుంబం. రుబార్బ్‌ది చుక్కకూర కుటుంబం. ఇద్దరూ కొట్టుకోవాల్సిన పని లేదు, దాని చుట్టం చుక్కకూర. కాడని చుక్కకూర పప్పులా చేయండి, చక్కగా కుదురుతుంది.

పల్నాడు_మిర్చి
మాస్టారూ, నేను అన్నది కూడా అదే కదా, గోంగూర కాదని!

వేక్‌ఫీల్డ్_వదిన
రుచి గురించి మాట్లాడుతుంటే కుటుంబం తెచ్చారేంటి? నాలుక కుటుంబం చూడదు.

పాల_నాణ్యత
చీజ్ ప్రశ్న అందరూ వదిలేశారు. నేను పదకొండేళ్లుగా పాల ఫ్యాక్టరీల్లో క్వాలిటీ పని చేస్తున్నాను, ఈ విషయం నాకు వదిలేయండి. హాజ్ తప్పకుండా వెళ్లండి. ఫ్రాన్స్ నుంచి వచ్చిన సిస్టర్షియన్ సన్యాసులు 12వ శతాబ్దంలో ఆ వెన్స్లీడేల్ లోయలో గొర్రెపాలతో మొదలుపెట్టిన చీజ్ అది, ఆవుపాలకి తర్వాత మారింది. 1930లలో హాజ్‌లోని క్రీమరీ, అంటే చీజ్ ఫ్యాక్టరీ, మూతపడే పరిస్థితి వస్తే కిట్ కాల్వర్ట్ అనే స్థానికుడు రైతులని కూడగట్టి నిలబెట్టాడు. 1992లో యజమాని కంపెనీ మళ్లీ మూసేసి తయారీని ఎప్పటినుంచో పోటీపడే పక్క కౌంటీ లాంకషైర్‌కి మార్చింది. యార్క్‌షైర్ వాళ్లకి అంతకంటే అవమానం లేదు. ఆరు నెలలు తిరక్కుండానే అక్కడ పనిచేసిన మేనేజర్లే కొనుక్కుని, పాత పనివాళ్లని పిలిచి మళ్లీ తెరిచారు. నాన్నగారికి ఈ కథ చెప్పాకే గ్యాలరీలోకి తీసుకెళ్లండి. తొట్టిలో పెరుగు ముక్కలు కోసి, నీరు వార్చి, ఉప్పు కలిపి, అచ్చుల్లో నొక్కడం కళ్లారా చూస్తారు. మెత్తగా, పొడిపొడిగా రాలే చీజ్, పులుపు చాలా తక్కువ. ఇక్కడివాళ్లు ఆపిల్ పైతో తింటారు.

నెల్లూరు_శాంతి
అంతా చెప్పి అసలుది దాటేశారు. పాలు గడ్డకట్టడానికి వాడే రెన్నెట్ దూడ కడుపులోంచి తీసేది. శాకాహారి తల్లికి అది పెట్టమంటారా? మా అత్తగారికి తెలియక ఏడాది పాటు పెట్టాను. తెలిసిన రోజు ఆవిడ రాత్రి భోజనం మానేశారు.

పాల_నాణ్యత
దాటేయలేదండీ, రాయబోతున్నాను. ఇంగ్లండ్‌లో ఇప్పుడు చాలా చీజ్‌లు శాకాహార రెన్నెట్‌తోనే చేస్తున్నారు. లేబుల్ మీద శాకాహారం గుర్తు ఉంటుంది, చూసి కొనండి. ఇటలీ పర్మేజాన్‌కి మాత్రం దూడ రెన్నెట్ తప్పనిసరి, అది అమ్మకి వద్దు.

నెల్లూరు_శాంతి
ఆ "శాకాహార" రెన్నెట్‌లో చాలావరకు దూడ జన్యువుని సూక్ష్మజీవిలో పెట్టి తీసిందే కదా? చదువుకున్నవాళ్లే ఇలా సగం చెబితే ఎలా?

పాల_నాణ్యత
1990 నుంచి ఆ పద్ధతి ఉంది. ట్యాంకులో పులియబెట్టి తీస్తారు, ఏ దూడనీ చంపరు. జన్యువు సమాచారం, మాంసం కాదు. నా పనే అది, నాకు పాఠం చెప్పకండి.

నెల్లూరు_శాంతి
మీ పని మీకు గొప్ప. ఆవిడ నమ్మకం ఆవిడకి గొప్ప. లేబుల్ చూపించి, ఉన్నది ఉన్నట్టు చెప్పి, తినాలో వద్దో అమ్మనే తేల్చుకోనివ్వండి. నేను అడిగేది అంతే.

మాసం_వెళ్లొచ్చినవాడు
చీజ్ మీద ఇంత గొడవ, బీరు ఎవరూ అడగరే! పీపాల్లో వచ్చే ఏల్ రకం బీరుని తేటపరచడానికి చాలాచోట్ల చేప గాలితిత్తి వాడతారు. గ్లాసులో కనపడదు. శాకాహారులు కౌంటర్ దగ్గరే అడగాలి. ఇక ఊరి సంగతి: రాసేది మాషమ్ అని చదివేలా ఉంటుంది గానీ పలికేది "మాసం". థీక్‌స్టన్ బ్రూవరీ 1827 నుంచి అక్కడే ఉంది. చెక్క పీపాలు చేసే వడ్రంగం ఇంకా బతికుంది. మా మామగారు బీరు ముట్టరు, ఆ పీపా బద్దలు నిప్పు మీద వంచే పని గురించి గంటసేపు అడిగి తెలుసుకున్నారు. టాడ్‌కాస్టర్‌లో 1758 నాటి పాత బ్రూవరీ ఉంది, పలకరాతి తొట్లలో పులియబెడతారు.

షెఫీల్డ్_కిరణ్
అమ్మగారి కోసం మా ఊరి హెండర్సన్స్ రెలిష్ అనే సాస్ కొనండి. 1885 నుంచి షెఫీల్డ్‌లోనే చేస్తున్నారు. వూస్టర్ సాస్‌లో చేపలుంటాయి, ఇందులో లేవు. పైగా చింతపండు, లవంగం, వెల్లుల్లి ఉన్నాయి! సీసా వెనక చింతపండు పేరు చదివిన రోజు మా అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. పెరుగన్నంలో రెండు చుక్కలు వేసి చూడండి.

పల్నాడు_మిర్చి
పెరుగన్నంలో సాసా? వద్దు కిరణ్, దయచేసి వద్దు.

హారోగేట్_లక్ష్మి
రాజా, హారోగేట్ వచ్చి యార్క్‌షైర్ టీ కూడా...

హల్_హరి
అక్కా, ఆ తేయాకు అస్సాంలోనూ ఆఫ్రికాలోనూ పండుతుంది. ఇక్కడ కలిపి ప్యాక్ చేస్తారు. ఆయన అడిగింది ఇక్కడ పండేది.

హారోగేట్_లక్ష్మి
కలపడం కూడా పనితనమే తమ్ముడూ. ఈ నీళ్లకి సరిపడేలా ఆకు కలపాలంటే రోజంతా రుచి చూసేవాళ్లు ఉండాలి. పండిస్తేనే పనా?

లీడ్స్_రాజా
అందరికీ థాంక్స్. షెడ్ టూర్ బుక్ చేశాను. రెండుచోట్ల ఫిబ్రవరి అంతా అప్పటికే నిండిపోయింది, మూడో చోట నాలుగు టికెట్లు దొరికాయి. నాన్నకి ఫోన్‌లో చెబితే వెంటనే అడిగారు: "షెడ్లో కోశాక ఆ దుంపని మళ్లీ నాటుతారా?"

వేక్‌ఫీల్డ్_వదిన
నాటరు. బలమంతా అయిపోతుంది, ఎరువులో కలిపేస్తారు. రెండేళ్ల పెంపకం ఒక్క కోతకే. నాన్నగారికి ఇంకోటి కూడా చెప్పండి: పాతరోజుల్లో ఇక్కడి ఉన్ని మిల్లుల చెత్త ఈ పొలాలకి ఎరువు, బొగ్గు గనుల బొగ్గు షెడ్లకి వేడి. అందుకే ఈ పంట ఇక్కడ కుదురుకుంది. ఒకప్పుడు రెండు వందల మంది దాకా పండించేవారు, ఇప్పుడు పదీ పన్నెండు మందే మిగిలారు.

పల్నాడు_మిర్చి
వదిన గారూ, నిన్న మీరు చెప్పినట్టే నీళ్లు ఇగిరేదాకా వేయించి చేశాను. షెడ్ రుబార్బ్ కదా, లేతగా ఉంది, పులుపు చాలలేదు. గోంగూర కాదు. కానీ గిన్నె ఖాళీ అయింది.

వేక్‌ఫీల్డ్_వదిన
ఏప్రిల్‌లో ఆరుబయట పొలంలో వచ్చే ముదురు కాడలతో చేయండి. పులుపు అప్పుడు చూడండి.

లీడ్స్_రాజా
అమ్మ భోజనం సంగతి, రోడ్ల సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఓరుగల్లు_అరుణ
హాజ్‌కి లేబర్న్ మీదుగా ఏ684 రోడ్డు పట్టుకోండి. మంచు పడితే బటర్‌టబ్స్ ఘాట్ వైపు అస్సలు వెళ్లకండి. భోజనం అంటారా, డేల్స్ కేఫ్‌ల్లో కేకు నుంచి పుడ్డింగ్ దాకా అన్నిట్లో గుడ్డే. పులిహోర కట్టుకెళ్లండి.