కొలాజెన్ పొడి చేపలతో చేస్తారట, శాకాహారులం ఏం తినాలి?

మాది గూడూరు దగ్గర పల్లె. నాకు 46 ఏళ్లు. మూడెకరాల నిమ్మతోట ఉంది. ఏళ్ల తరబడి పొద్దున ఆరింటి నుంచి ఎండెక్కేదాకా కోతల్లోనే ఉంటాను. ఈ మధ్య మెడ కింద, ముంజేతుల మీద చర్మం బాగా వదులైంది. గిల్లి వదిలితే ముడత వెంటనే పోవట్లేదు. పార్లర్‌లో కొలాజెన్ (చర్మాన్ని బిగుతుగా ఉంచే ప్రొటీన్) పొడి తాగమన్నారు. డబ్బా తిప్పి చదివితే చేప చర్మంతో చేసిందని ఉంది. మేం గుడ్డు కూడా ముట్టం. కొలాజెన్ ఉండే ఆకుకూర గానీ కాయ గానీ ఏదైనా ఉంటే చెప్పండి. నిమ్మచెక్క రుద్దడం కూడా అయింది, మణికట్టు దగ్గర నల్లమచ్చలు పడ్డాయి.

ఒంగోలు నుంచి:
అక్కా, కొలాజెన్ ఏ మొక్కలోనూ ఉండదు. కానీ దాన్ని మన ఒళ్లే తయారు చేసుకుంటుంది. అందుకు ప్రొటీన్ కావాలి, విటమిన్ సి కావాలి. కందిపప్పు, అలసందలు, వేరుశనగలు రోజూ ఏదో ఒక పూట ఉండేలా చూసుకోండి. సి విటమిన్‌కి జామకాయ తినండి. వంద గ్రాముల జామకాయలో 200 మిల్లీగ్రాములు దాటి ఉంటుంది, నిమ్మ దాని దరిదాపుల్లోకి రాదు. వేడికి సి విటమిన్ పోతుంది కాబట్టి పప్పు దించి, కాస్త చల్లారాకే నిమ్మరసం పిండండి. మునగాకు, క్యారెట్ లాంటివి నూనె తాలింపుతో తింటేనే వాటిలోని కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎ గా మారేది) ఒంటికి బాగా పడుతుంది.

కావలి నుంచి:
ఆ మచ్చలు నిమ్మరసం వల్లేనమ్మా. రసం అంటిన చర్మం మీద ఎండ పడితే కాలినట్టయి నల్లబడుతుంది. రుద్దడం ఇవాళే మానేయండి. కోత అయ్యాక సబ్బుతో చేతులు కడిగి గానీ ఎండలోకి రావద్దు. ఇంకో మాట. చర్మంలో సాగే గుణాన్ని ఎక్కువగా చెరిపేది ఎండే. ఏం తిన్నా, ఇప్పటికే వదులైంది పూర్తిగా బిగుసుకోదు, ఆ ఆశ పెట్టుకోకండి. నిండు చేతుల చొక్కా, మెడ కప్పేలా తువ్వాలు లేకుండా తోటలోకి వెళ్లొద్దు.

అడిగినావిడ:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్. ఇంట్లో పప్పు ఉడుకుతుండగానే నిమ్మకాయ పిండుతాం, ఇన్నాళ్లూ అదే అలవాటు. బోరు పక్కన జామచెట్టు ఉంది. కాయలు దోరగా ఉన్నప్పుడే రోజుకొకటి కోసుకుంటాను. మా ఆయన పాత ఫుల్‌హ్యాండ్స్ చొక్కాలు రెండు తీసి పెట్టాను, రేపు కోతకు వేసుకుపోతాను. పొడి డబ్బా వెనక్కి ఇచ్చేస్తున్నా.