పిల్లలు చేసిన పెట్ట దగ్గరే పిల్లలను ఉంచాలా, మొదటి రోజే విడదీయాలా?

నూజివీడు తోట (చర్చ మొదలుపెట్టినవారు):
మా మామిడి తోటలో ఎనిమిది నాటు పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. గత కార్తీకం నుంచి ఆషాఢం వరకు ఐదు పెట్టలు కలిసి 51 పిల్లలను చేశాయి. రెండు నెలల వయసు దాటేసరికి వాటిలో మిగిలినవి 19 మాత్రమే. గద్ద తన్నుకుపోయినవి కొన్ని, ముంగిస పట్టినవి కొన్ని, ఒక్క వారంలో తెగులుతో పోయినవి మరికొన్ని. పక్క ఊరి రైతు ఒకరు, పిల్లలు ఆరిన రోజే వాటిని తీసి బల్బు కింద పెంచితే ఈ నష్టం తప్పుతుందనీ, పిల్లల బాధ్యత లేని పెట్ట మూడు వారాలు తిరిగేసరికి మళ్లీ గుడ్లకు వస్తుందనీ చెబుతున్నారు. మా అమ్మగారు మాత్రం తల్లి లేని పిల్ల బతికినా తోటలో తిరగడానికి పనికిరాదని అంటున్నారు. అనుభవం ఉన్నవారు చెప్పండి.

భీమవరం పుంజు:
నేను జాతి కోళ్లను పెంచుతాను, అంటే అసీల్. విడదీయవద్దని నా అభిప్రాయం. గద్ద నీడ నేలపై పడగానే పిల్లల కోడి చేసే ఒక పొడుగాటి గుర్రు శబ్దం వినే ఉంటారు. ఆ శబ్దానికి పిల్లలన్నీ ఎక్కడివక్కడ ఆకుల కింద నక్కి, అది మళ్లీ మామూలుగా పిలిచేవరకు కదలవు. తిండి దొరికినప్పుడు చేసే పిలుపు వేరు. బల్బు కింద పెరిగిన పిల్లకు ఈ రెండూ తెలియవు. రెండేళ్ల క్రితం అలా పెంచిన పిల్లలను 45వ రోజున బయటకు వదిలితే, గద్ద దిగుతున్నా అవి తలెత్తి చూస్తూ నిలబడ్డాయి.

ఇంకొక మాట. మా అసీల్ పెట్టలు బరువైనవి కాబట్టి పొదిగేటప్పుడు గుడ్లు తొక్కి పగలగొడతాయి. అందుకే వాటి గుడ్లను తేలికపాటి నాటు పెట్టల కింద పెట్టి పొదిగిస్తాం. ఆ పెట్టలు తమవి కాని పిల్లలను ఏ తేడా లేకుండా పెంచుతాయి. మీకున్నవి అలాంటి పెట్టలే అయినప్పుడు వాటి పనిని బల్బుకు అప్పగించడం నాకు అర్థం కావడం లేదు.

బల్బు పక్షం, సత్తెనపల్లి:
పై మిత్రుడి వాదనలో మమకారం ఉంది, లెక్క లేదు. నాటు పెట్ట 12 నుంచి 15 గుడ్లు పెట్టడానికి దాదాపు మూడు వారాలు, పొదగడానికి 21 రోజులు, పిల్లలను వెంటేసుకొని తిరగడానికి రెండు నుంచి రెండున్నర నెలలు పడుతుంది. మొత్తం కలిపితే నాలుగు నెలలకు దగ్గరవుతుంది కాబట్టి ఏడాదికి మూడు ఈడులే (ఈడు అంటే ఒక విడత గుడ్లు పెట్టి పిల్లలు చేయడం). మొదటి రోజే పిల్లలను తీసేస్తే ఈ చక్రం రెండు నెలల పైచిలుకుకు తగ్గుతుంది. అంటే అదే పెట్ట ఐదుసార్లు గుడ్లు పెట్టగలదు.

పెంపకం కూడా పెద్ద కష్టమేమీ కాదు. అట్టతో గుండ్రని కంచె కట్టి, రెండు అంగుళాల మందాన పొడి ఊక పోసి, మొదటి రెండు రోజులు దానిపై కాగితం పరిచి, పైన బల్బు వేలాడదీయాలి. మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి ఉండాలి. ఆ తరువాత వారానికి 5 డిగ్రీల చొప్పున తగ్గించుకోవాలి. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి: బల్బు కింద గుంపుగా ముద్దకడితే చలి, దూరంగా జరిగి నోళ్లు తెరిస్తే వేడి, అంతటా పరుచుకుని తిరిగితే సరిపోయినట్టు.

మధిర నుంచి:
సత్తెనపల్లి తమ్ముడికి, రాత్రి రెండు గంటలకు కరెంటు పోతే పిల్లలు ఏమవుతాయో కూడా రాయి నాయనా. మా ఇంట్లో ఒక పుష్యమాసపు రాత్రి 30 పిల్లలు ఒక మూలకు చేరి ఒకదానిపై ఒకటి ఎక్కాయి. తెల్లవారి చూస్తే అడుగున ఉన్న 11 ఊపిరాడక చచ్చిపోయి ఉన్నాయి. పెట్ట రెక్కకు కరెంటు కోత లేదు.

ఐదు ఈడుల లెక్క కాగితం మీద బాగానే ఉంటుంది. పొదుగుకు కూర్చున్న పెట్ట రోజుకు ఒక్కసారి, పావుగంటో ఇరవై నిమిషాలో లేచి నాలుగు గింజలు తిని మళ్లీ కూర్చుంటుంది. 21 రోజులు పూర్తయ్యేసరికి ఎదురు రొమ్ము ఎముక చేతికి తగులుతుంది. ఆ పెట్టను వెంటనే గుడ్లకు తెచ్చి, మళ్లీ పొదగేసి, మళ్లీ గుడ్లకు తెస్తే అది ఎన్నాళ్లుంటుంది? నలభై ఏళ్లుగా కోళ్లను గంప కింద కమ్ముతున్నదాన్ని. పిల్లలతో తిరిగే ఆ రెండు నెలలే పెట్టకు తిరిగి కండపట్టే కాలం.

విశ్రాంత పశువైద్యుడు:
ఇరువైపుల వారూ నిజమే చెబుతున్నారు, కానీ ప్రశ్న అడిగిన వారి 32 పిల్లలు ఎందుకు పోయాయన్నది ఎవరూ పట్టించుకోలేదు. "ఒక్క వారంలో తెగులుతో పోయినవి" అన్న మాట దగ్గర నేను ఆగాను. పిల్లలు నోరు తెరిచి ఊపిరి పీల్చడం, ఆకుపచ్చగా పారడం, మెడ తిప్పడం వంటివి కనిపించి ఉంటే అది కొక్కెర తెగులు (రాణిఖేత్) కావచ్చు. దానికి తల్లి రెక్క గానీ బల్బు గానీ అడ్డం రాదు. అయిదు నుంచి ఏడు రోజుల వయసులో కంట్లోనో ముక్కులోనో లసోటా టీకా చుక్క, నాలుగు వారాలకు మరొకసారి అదే చుక్క, ఎనిమిది వారాలకు అదే తెగులుకు ఆర్2బి అనే టీకా సూదిమందు వేయించాలి.

పల్లెల్లో ఇది జరగకపోవడానికి కారణం నిర్లక్ష్యం ఒక్కటే కాదు. టీకా సీసాలో సాధారణంగా వంద కోళ్లకు, ఇంకా పెద్దదైతే అంతకు మించి సరిపడే మందు ఉంటుంది. దానిని ఐసులో తేవాలి, కలిపిన తరువాత రెండు గంటల లోపే వాడేయాలి. ఒక పెట్ట ఈ వారం తొమ్మిది పిల్లలను చేసి, ఇంకొకటి పై నెలలో ఏడు పిల్లలను చేస్తే, ప్రతిసారీ అంత శ్రమ ఎవరు పడతారు? కాబట్టి విడదీయాలా వద్దా అన్నదానికంటే ముందు, పిల్లలు ఒకే రోజున దిగేటట్టు చూసుకోండి. పొదుగుకు వచ్చిన మొదటి పెట్టను వారం మించకుండా ఉత్తుత్తి గుడ్ల మీద కూర్చోబెట్టి, ఇంకో మూడు పొదుగుకు వచ్చాక నాలుగింటినీ ఒకే రాత్రి అసలు గుడ్లపై కూర్చోబెట్టండి.

మధిర నుంచి:
డాక్టరు గారూ, నాలుగు పెట్టలకు 48 గుడ్లు ఎక్కడి నుంచి తెస్తారండీ? ఎనిమిదింటిలో నాలుగు పొదుగులో ఉంటే గుడ్లు పెట్టేవి మిగిలిన నాలుగే. అవి రోజు విడిచి రోజు పెట్టినా వారానికి 14 గుడ్లు.

విశ్రాంత పశువైద్యుడు:
అంగీకరిస్తున్నాను, నా సలహాలో ఆ లోపం ఉంది. వారం దాటిన గుడ్డును, ఎండాకాలంలో అయితే నాలుగు రోజులు దాటిన గుడ్డును పొదగేయవద్దని నేనే చెబుతాను కాబట్టి నిల్వ చేసుకోమనడానికీ వీల్లేదు. పెట్ట తాను పెట్టిన 15 గుడ్లనూ అలాగే పొదగేసే పద్ధతిలో, మొదటి గుడ్డుకు అప్పటికే మూడు వారాల వయసు ఉంటుంది. చివరికి మురిగిపోయేవి ఎక్కువగా అవే. ఉరుములకు మురిగాయని గంపలో ఇనుప మేకూ బొగ్గూ వేసేవారు ఒకసారి ఆ గుడ్లపై పెన్సిలుతో తేదీలు రాసి చూడాలి. అయితే రెండు పెట్టలతో చేయండి: పది చొప్పున తాజా గుడ్లు, ఏడో రోజు రాత్రి చీకటి గదిలో టార్చి పెట్టి చూసి ఖాళీ గుడ్ల తీసివేత, 21వ రోజు రెండింటి పిల్లలనూ రాత్రిపూట ఒకే పెట్ట రెక్కల కిందకు చేర్చడం. మొదటి రెండు రోజుల్లోనే ఇది చేయాలి. తరువాత పెట్ట కొత్త పిల్లలను గుర్తుపట్టి పొడుస్తుంది.

రెండో పెట్ట విషయంలో సత్తెనపల్లి మిత్రుడి మాటే ఖాయం. పిల్లలు కళ్లెదుట లేకపోతే దాని శరీరం తిరిగి గుడ్లకు సిద్ధమవుతుంది. అయితే మధిర అమ్మగారు చెప్పినట్టు దానికి నూకలతో సరిపెట్టక కొన్ని వారాలు మంచి దాణా పెట్టండి. తరువాతి ఈడులో బాధ్యతలు మార్చండి.

బల్బు పక్షం, సత్తెనపల్లి:
దీనికి నాకు అభ్యంతరం లేదు. కాకపోతే 16 పిల్లలతో పెట్టను తోటలోకి వదిలితే గద్దకు పండగే కదా?

భీమవరం పుంజు:
వదలమని ఎవరన్నారు? మొదటి నాలుగు వారాలు పైన వల కట్టిన దొడ్డిలో తల్లీ పిల్లలను కలిపి ఉంచాలి. చెదలు పట్టిన కట్టెముక్కలు తెచ్చి లోపల పడేస్తే, తల్లి వాటిని తిరగేసి పిల్లలను పిలిచి తినిపిస్తుంది. రోజూ దొడ్డిలో చోటు మార్చి నేల పొడిగా ఉంచకపోతే మాత్రం మూడో వారంలో రక్త విరేచనాలు పట్టుకుంటాయి.

నూజివీడు తోట:
అందరికీ కృతజ్ఞతలు. చనిపోయిన పిల్లలలో చాలావాటికి ఆకుపచ్చ పారుడు ఉందని మా అమ్మగారు ఇప్పుడు గుర్తు చేశారు. దాంతో ముంగిసపై నేను మోపిన నేరంలో సగం కొట్టివేయవలసి వస్తోంది. ప్రస్తుతం ఒక పెట్ట మూడు రోజులుగా పొదుగులో ఉంది. దాని కింద రెండు ఉత్తుత్తి గుడ్లు పెట్టాను. పక్క తోటల వారిలో ఇద్దరికి వారం లోపు పిల్లలు దిగబోతున్నాయి. ముగ్గురం కలిసి ఒకే సీసా తెచ్చుకునేటట్టు తేదీ కుదుర్చుకోవాలి. అడగవలసింది ఇంకొక్కటే: రెండో పెట్ట వారం లోపు పొదుగుకు రాకపోతే మొదటిదాన్ని ఆపి ఉంచడమా, పది గుడ్లతో ఒంటరిగా పొదగేయడమా?

మధిర నుంచి:
పొదగేసెయ్ నాయనా. ఉత్తుత్తి గుడ్ల మీద ఎక్కువ రోజులు కూర్చుంటే అసలు గుడ్లు వచ్చేసరికి దాని ఒంట్లో సత్తువ ఉండదు.