వయసుతో కంటి కటకం గుండ్రబడుతుంటే చత్వారం ఎందుకు వస్తుంది?

ప్రశ్న: కరీంనగర్ విద్యార్థి

అందరికీ నమస్కారం. నేను కాకతీయ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ భౌతికశాస్త్రం చదువుతున్నాను. కంటి కటకం వయసుతో ఎలా మారుతుందో లెక్కగట్టే నమూనాను ప్రాజెక్టు కోసం తయారుచేస్తూ ఒకచోట ఆగిపోయాను.

డబ్బెల్‌మాన్, వాన్ డెర్ హైడె 2001లో ప్రకటించిన కొలతల ప్రకారం, కటకం ముందు తలం వక్రతా వ్యాసార్థం 12.9 మి.మీ. నుంచి ఏడాదికి 0.057 మి.మీ. చొప్పున, వెనుక తలానిది 6.2 మి.మీ. నుంచి 0.012 మి.మీ. చొప్పున తగ్గుతూ వస్తాయి. మందం ఏడాదికి దాదాపు 0.024 మి.మీ. పెరుగుతుంది. కటకం వక్రీభవన గుణకాన్ని (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే సంఖ్య) 1.433 దగ్గర, చుట్టూ ఉన్న ద్రవానిది 1.336 దగ్గర స్థిరంగా ఉంచి లెక్కిస్తే, కటక సామర్థ్యం 20 ఏళ్ళ వయసులో 24.2 డయాప్టర్లు (మీటర్లలో నాభ్యంతరానికి విలోమం), 60 ఏళ్ళకు 27.4 డయాప్టర్లు వచ్చింది. అంటే అరవైకి చేరేసరికి మనిషికి సుమారు 2 డయాప్టర్ల హ్రస్వదృష్టి రావాలి, దగ్గరి వస్తువులు అద్దాలు లేకుండానే కనబడాలి.

మా ఇంట్లో జరుగుతున్నది దీనికి పూర్తిగా విరుద్ధం. మా బాపుకు 58 ఏళ్ళు, వెండి తీగతో నగిషీ పని చేస్తాడు. దూరపు చూపు బాగానే ఉంది. పట్టకారుతో తీగను చుట్ట చుట్టేటప్పుడు మాత్రం, దగ్గరకు తెచ్చుకుంటే మసకబారుతుంది, దూరం జరిపితే మెలి ఎక్కడ తిరిగిందో తెలియనంత చిన్నదవుతుంది. +2 అద్దాలతో పేపరు చక్కగా చదువుతాడు గానీ పనికి అవి చాలడం లేదు. నా లెక్కలో తప్పెక్కడుందో చెప్పగలరు.

జవాబు: హన్మకొండ అధ్యాపకుడు

మీ గణితం సరిగానే ఉంది. గుణకాన్ని స్థిరంగా ఉంచడమే పొరపాటు. కటకం గుండ్రబడుతున్నా కన్ను హ్రస్వదృష్టి వైపు జరగకపోవడాన్ని ఈ రంగంలో 'కటక వైరుధ్యం' అంటారు. మీరు స్వయంగా లెక్కచేసి అక్కడికే చేరుకున్నారు.

కంటి కటకం ఒకే గాజు ముక్క వంటిది కాదు. జీవితాంతం కొత్త పొరలు పాతవాటి మీద చేరుతూ ఉంటాయి కనుక అది ఉల్లిగడ్డను పోలి ఉంటుంది. అంచున తక్కువగా ఉండే వక్రీభవన గుణకం నడిమికి వెళ్ళేకొద్దీ పెరుగుతుంది. లోపలి పొరలు పై పొరలకన్నా ఎక్కువ వంపు తిరిగి ఉంటాయి. పడుచు కటకంలో గుణకం ఈ వంపైన పొరల గుండా మెల్లమెల్లగా పెరుగుతుంది కాబట్టి కిరణం ప్రతి పొర దగ్గరా కొంత వంగుతుంది. వయసు పెరిగేకొద్దీ నడుమ ఒకే గుణకం గల ప్రాంతం విస్తరించి, మార్పంతా అంచు దగ్గరి సన్నని పట్టీలోకి నెట్టబడుతుంది. అక్కడి పొరల వంపు తక్కువ కాబట్టి, బయటి ఆకారం గుండ్రబడడం వల్ల వచ్చిన లాభాన్ని లోపలి ఈ నష్టం మింగేస్తుంది.

మీరు చెప్పిన పరిశోధకులే దీన్ని సమాన గుణకం (కటకమంతా ఒకే గుణకం ఉందనుకుంటే అదే సామర్థ్యాన్నిచ్చే విలువ) రూపంలో ఇచ్చారు: 1.441 నుంచి ఏడాదికి 0.00039 చొప్పున తీసివేయాలి. 60 ఏళ్ళకు 1.418 అవుతుంది. ఆ విలువతో లెక్క మళ్ళీ చేయండి. అయితే సమాన గుణకం లెక్క కోసం కల్పించుకున్న సంఖ్య మాత్రమే. కటకంలో ఏ బిందువు దగ్గరా ఉండే గుణకం కాదు. వీలైతే పొరల నమూనా కట్టండి. 1911లో నోబెల్ బహుమతి పొందిన నేత్రవైద్యుడు గుల్‌స్ట్రాండ్ కూడా తన నమూనా కంటిలో నడిమి గింజకు 1.406, చుట్టూ ఉన్న భాగానికి 1.386 తీసుకున్నాడు.

జవాబు: జగిత్యాల ఆప్టోమెట్రిస్టు

తమ్ముడూ, మీరు రెండు వేర్వేరు విషయాలను ఒకే లెక్కలో పెట్టారు. పైన అధ్యాపకులు గారు చెప్పింది విశ్రాంతిలో ఉన్న కటకం సామర్థ్యం గురించి. చత్వారం మాత్రం ఆ సామర్థ్యాన్ని ఎంత పెంచుకోగలమన్న దానికి సంబంధించినది. కటకం చుట్టూ ఉండే సీలియరీ కండరం బిగుసుకుంటే కటకాన్ని లాగి పట్టిన సన్నని తంతువులు సడలి, కటకం తనంతట తాను ఉబ్బుతుందని జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1855లోనే వివరించాడు. వయసుతో కటకం గట్టిపడుతుంది, ముఖ్యంగా నడిమి భాగం. తంతువులు సడలినా అది ఉబ్బదు.

హాఫ్‌స్టెటర్ సూత్రం ప్రకారం సగటు సర్దుబాటు శక్తి (దగ్గరి చూపు కోసం కన్ను పెంచుకోగల సామర్థ్యం, డయాప్టర్లలో) 18.5లోంచి వయసుకు 0.3 రెట్లు తీసివేస్తే వస్తుంది. 58 ఏళ్ళకు 1.1 డయాప్టర్లు. ఇందులో కనుపాప చిన్నదవడం వల్ల కలిసివచ్చే స్పష్టత కూడా ఉంది కాబట్టి, ఆ వయసు నమూనాలో కటకం ఆకారాన్ని అసలు మార్చకపోయినా తప్పులేదు.

ఇక మీ బాపు సంగతి. +2 అద్దాలతో, ఉన్న శక్తినంతా వాడినా, ఆయన స్పష్టంగా చూడగలిగే అతి దగ్గరి దూరం దాదాపు 32 సెం.మీ. పేపరు చదవడానికి 40 సెం.మీ. చాలు; తీగ పని అంత దూరంలో సాగదు. ఆయన పనిలో ఉన్నప్పుడు టేపు పెట్టి కంటి నుంచి తీగ దాకా కొలవండి. పరీక్షకు వెళ్ళినప్పుడు ఆ కొలత చెప్పడం మరవకండి. చెప్పకపోతే చదువు దూరానికే అద్దాలు రాస్తారు.

కరీంనగర్ విద్యార్థి

ఇద్దరికీ కృతజ్ఞతలు. 1.418తో లెక్కిస్తే 60 ఏళ్ళకు 23.1 డయాప్టర్లు వచ్చింది. అంటే 20 ఏళ్ళప్పటికన్నా కొద్దిగా తగ్గింది. నిన్న సాయంత్రం బాపు పని చేస్తుండగా కొలిచాను, 24 సెం.మీ. ఉంది. దానికి 4.2 డయాప్టర్లు కావాలి. మిగిలిన శక్తిలో సగం వాడుకుంటాడనుకున్నా +3.5కు పైగా అవసరం. ఈ వారం పరీక్షకు తీసుకెళ్తున్నాను.

జగిత్యాల ఆప్టోమెట్రిస్టు

మంచిది. అయితే ఆ అద్దాలతో సుమారు 28 సెం.మీ. దాటితే మసకగా ఉంటుంది కనుక, వాటిని పెట్టుకుని లేచి నడవవద్దని ఆయనకు ముందే చెప్పండి. మరొక మాట. కొన్నేళ్ళ తరువాత ఆయన ఉన్నట్టుండి 'అద్దాలు లేకుండానే పేపరు చదువుతున్నాను' అంటే సంతోషించి ఊరుకోకండి. శుక్లం నడిమి భాగంలో మొదలైనప్పుడు అక్కడి గుణకం పెరిగి, మీ మొదటి లెక్కలో వచ్చిన హ్రస్వదృష్టే నిజంగా వస్తుంది.