డ్రోన్ నాది, పెత్తనం కంపెనీది: పాత వెర్షన్‌కి వెళ్లే దారి ఉందా?

అందరికీ నమస్కారం. తెనాలి దగ్గర పెళ్లి వీడియోలు తీస్తుంటాను. రెండేళ్ల క్రితం కొన్న 249 గ్రాముల చిన్న డ్రోన్ ఉంది. మొన్న ఆదివారం పెళ్లికొడుకు కారు దిగే షాట్ కోసం కంట్రోలర్ ఆన్ చేస్తే, అప్‌డేట్ చేయనిదే ఎగరదని వచ్చింది. 'తర్వాత' అనే బటనే లేదు. ఆ ఫంక్షన్ హాల్లో సిగ్నల్ ఒక్క గీత. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి, 12 శాతం దగ్గర ఆగిపోయిన డౌన్‌లోడ్‌ని చూస్తూ మెట్ల మీద కూర్చున్నాను. లోపల సన్నాయి మొదలైపోయింది. పెళ్లికూతురి మేనమామ వచ్చి "ఏం బాబూ, పిట్ట లేవలేదా?" అన్నాడు. ఏం చెప్పను!

రాత్రి ఇంటికొచ్చి అప్‌డేట్ చేశాను. అక్కడితో అయిపోలేదు. మూడు బ్యాటరీలకూ విడివిడిగా వేయాలట. రెండింటికి ఎక్కింది. మూడోది పెడితే బ్యాటరీ వెర్షన్ సరిపోలడం లేదంటోంది, మోటార్లు తిరగవు. చార్జింగ్ లైట్లు నాలుగూ వెలుగుతున్నాయి, కాబట్టి బ్యాటరీ పోలేదనే నా నమ్మకం. సర్వీస్ సెంటర్‌లో మాత్రం కొత్తది కొనుక్కోమన్నారు.

పాత ఫర్మ్‌వేర్‌కి (డ్రోన్‌ని లోపల నుంచి నడిపే సాఫ్ట్‌వేర్) వెనక్కి వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా? యాప్‌లో నాకు ఆ ఆప్షన్ కనబడలేదు. ఆటో అప్‌డేట్ ఆపేసి, కంట్రోలర్‌ని నెట్‌కి కలపకుండా వాడితే మళ్లీ అడ్డుపడుతుందా? భద్రత కోసం ఇచ్చే అప్‌డేట్లతో నాకు గొడవ లేదు, కానీ ముహూర్తం టైంలోనా? ఇలాంటిదానికి 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేసినవాళ్లుంటే ఏమైందో చెప్పండి. వచ్చే శుక్రవారం ఇంకో పెళ్లి ఉంది, టెన్షన్‌గా ఉంది.